పండవెట్టిన ఎనిమిది

శ్యాంసుందర్ పొద్దుగాల లేవంగనే పాలగిన్నెల వేలు వెట్టి చూస్తడు. పాలాయన నీళ్ళు కలిపిండా లేదా అని కాదు, ఎన్ని కలిపిండో అని. కలుపుతడన్నది ఆయనకు పక్కా. పెట్రోలు బంకు కాడ బండి దిగి, మీటరు సున్నా మీదికి వచ్చిందాక ట్యాంకు మూత తియ్యడు. గ్యాసు సిలిండరొస్తె సీలు చూసి, తూకమేపిచ్చి, అటెన్క రెండు చేతుల తోని లేపి చూస్తడు. సిరిసిల్లల ఆయన ఫోటో స్టూడియో వెట్టి ఇరవై రెండేండ్లయింది. పాస్‌పోర్టు ఫోటో దిగెతందుకు వచ్చినోళ్ళు ఐదువందల నోటిస్తె లైటుకు వెట్టి ఇటు మలిపి అటు మలిపి చూస్తడు. మా మొకం కంటె నోటు మొకమె మంచిగ చూసిండని నవ్వుకుంట పోతరు. మనిషి చెడ్డోడు కాదు పాపం. ఒకల రూపాయి ముట్టడు, ఒకల మీద చెయ్యెత్తడు. గని నమ్ముడన్నది ఆ మనిషి ఒంట్లనె లేదు.

ఇంట్ల సుత గదే కథ. భార్య రజితకు ఫోనొస్తె ఎవరని అడుగుతడు. ఆమె చెప్తది. చెప్పినంక మళ్ళ నంబరు చూస్తడు. ఆమె మహిళా సంఘం మీటింగుకు పోతె, పావుగంట ఆగి సంఘం లీడరుకు ఫోన్ చేసి, మా ఆమె ఆడికొచ్చిందా, తాళంచెవి మర్శిపోయింది, అంటడు. ఎన్నో ఏండ్ల సంది రజిత గా తాళంచెవి మర్శిపోతనె ఉన్నది. లీడరుకు తెలుసు, రజితకు తెలుసు, తెల్వదనుకునేది ఆయన ఒక్కడే.

ఇరవై ఏండ్లు ఆమె ఇంట్లనె కూసోని బీడీలు చేసింది. ఒక్కతే బిడ్డ వర్ష జగిత్యాలల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతది. బిడ్డ పోయినంక ఇంట్ల ఇద్దరే మిగిలిండ్రు, ఆయన అడుగుడు, ఈమె జవాబు చెప్పుడు. పోయిన నెలల ఊరి బయట బట్టలు కుట్టే కంపెనీల పనులున్నయంటె రజిత పోయి పరీక్ష ఇచ్చి వచ్చింది. సోమవారం సంది రమ్మన్నరు. గా మాట చెప్పిన బుధవారం శ్యాంసుందర్ బువ్వ ముట్టలే. ఎవరు చెప్పిండ్రు, ఎందుకు చెప్పిండ్రు, మగ సూపర్‌వైజరా ఆడ సూపర్‌వైజరా, ఆటో ఎవలది, ఆటోల ఎవలెవలు ఎక్కుతరు అని గంటసేపు అడిగిండు. రజిత చాట ఒళ్ళె వెట్కోని తునికాకు కత్తిరిచ్చుకుంట అన్నిటికి జవాబు చెప్పింది. చెప్పి చెప్పి, ఆఖరికి కత్తెర పక్కకు వెట్టింది.

"సోమవారం నేను పోతున్న. నువ్వు నా ఎన్క వచ్చినా, ఆడ ఎవలకన్న ఫోన్ చేసి నన్ను అడిగినా, పొద్దూకి నేను ఇంటికి రాను. అటునుంచి అటే జగిత్యాల బస్సెక్కుత. వర్ష చదువుకునే కాడ ఒక రూం తీస్కోని ఉంట."

గుస్సతోని అనలే. పప్పుల ఉప్పు సరిపోయిందన్నట్టు అన్నది. అందుకనె ఆయనకు బుగులు వట్టింది. రజిత ఊకె అనే మనిషి కాదు.

మనసు బాగలేకుంటె మందు తాగేటోళ్ళుంటరు, గుడికి పోయేటోళ్ళుంటరు. శ్యాంసుందర్ మాత్రం లెన్సులు చూస్తడు. ఆయనకు డిజిటల్ కెమెరా మీద నమ్మకం లేదు. అండ్ల నల్లటోన్ని తెల్లగ చేస్తరు, పెండ్లికి రానోన్ని తెచ్చి పక్కకు నిలవెడ్తరు. రోజు చేసేది ఆయనే గద, ఆయనకు తెల్వదా. రీలు కెమెరా ఒక్కటే అబద్ధమాడదని ఆయన లెక్క. రెండేండ్ల కిందట హైదరాబాద్ ఎర్రగడ్డ అంగట్ల పాత రష్యా కెమెరా కొన్నడు. లెన్సు లేదు, ఉత్త డబ్బ. దానికి సోవియట్ కాలం లెన్సు కావాలె. జర్మనీ లెన్సు లక్ష వెడితె గని రాదు, గదే తీరుగ చేసిన రష్యా లెన్సు ఐదారువేలకు దొరుకుతది. దొరుకుతది గని నమ్మి కొనుడెట్ల? ఢిల్లీ సేటొకడు పంపిన లెన్సు కెమెరాకు సక్కగ తిరిగి బిగిసింది, గని ఒక్క ఫోటో సుత కుదురుగ రాలే. మరలు ఒక్కటే గని అది వేరే రష్యా కెమెరాదట. గప్పటి సంది ఎవలన్న లెన్సు అమ్ముతనంటె ఇరవై ఫోటోలు అడిగి, ఇరవై ఒకటోది పంపేసరికి ఇందుల ఏదో ఉన్నదని ఇడిసిపెడ్తుండు.

గురువారం పొద్దున ఫోన్ల పాత సామాన్ల గ్రూపుల ఒకటి కనవడ్డది. యాభై మిల్లీమీటర్ల రష్యా జుపిటర్ లెన్సు, పద్దెనిమిది వందలు, కోరుట్ల. సగం ధరకు వస్తె బేరమనుకోవచ్చు, మూడోవంతుకు వస్తున్నదంటె ఖచ్చితంగ మోసమే. గా మోసమేందో చూద్దామని బండి తీసిండు. వేములవాడ, కథలాపూర్ మీదికెల్లి కోరుట్ల చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది.

అమ్మే ఆయన పేరు హన్మండ్లు. అరవై ఐదు దాటినయ్, కోరుట్ల దాటినంక ఇబ్రహీంపట్నం రోడ్డు మీద చెల్కల ఇల్లు. వాకిలి నిండ ఉడుకవెట్టిన పసుపు కొమ్ములు ఎండకు ఆరవోసి ఉన్నయ్. ఆయన భార్య మొగిలవ్వ కాళ్ళతోని తిరుగేస్తున్నది. శ్యాంసుందర్ నీళ్ళు సుత తాగకుండ సంచిలకెల్లి టార్చిలైటు తీసిండు. లెన్సు ముందట్నించి చూసిండు, ఎన్కనించి చూసిండు. బూజు లేదు, మసక లేదు, లోపలి రేకులకు నూనె తడి లేదు. విప్పి బిగిచ్చిన్రా అని మరల తలకాయలు చూసిండు, ఒక్క గీత లేదు. అంచు మీద నంబరు డెబ్బై ఒకటితోని షురువయింది, అంటె తయారైన సంవత్సరం సుత అసలుదే. చెవి కాడ వెట్టి ఊపి చూసిండు, ముక్కుకు వెట్టి వాసన చూసిండు. ఏ తప్పు దొరుకలే. ఏ తప్పు దొరుకకుంటె అనుమానం తగ్గాలె గద, ఈయనకు ఎక్కువైంది.

తొంభై నాలుగుల షార్జాల సెంట్రింగ్ పనికి పోయినప్పుడు కొన్నదని హన్మండ్లు చెప్పిండు. గప్పుడు రష్యా ఆడోళ్ళు ఇమానాలల్ల పెద్ద పెద్ద సంచులేస్కోని వచ్చి, ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి దుర్భిన్లు, గడియారాలు, కెమెరాలు అమ్మేటోళ్ళట. ముసలామె ఒకామె చలికి కాకున్నా చేతులు రుద్దుకుంట కూసుంటె, పాపమనిపిచ్చి కెమెరా కొన్నడట. కెమెరా ఎప్పుడో ఖరాబైంది, లెన్సు మిగిలింది. అంత చెప్పి, ముసలాయన లెన్సు మీద వేలు వెట్టిండు.

"ఒక్క సంగతి ముందే చెప్తున్న కొడుకా, ఎన్కసీరి నన్ననద్దు. సామాన్లను చూస్తె ఇది సక్కగనె చూపెడ్తది. పరాయోళ్ళను చూసినా సక్కగనె. ఇంటోళ్ళను చూస్తె మాత్రం మీటర్లు చూపియ్యది. మనకు, వాళ్ళకు నడుమ అసలు ఎంత దూరమున్నదో గది చూపెడ్తది."

శ్యాంసుందర్ బుర్ర గోక్కున్నడు. అంటె ఫోకస్‌ల తేడా ఉన్నట్టే గద కాకా అని రెండువందలు తగ్గియ్యమన్నడు. హన్మండ్లు తగ్గిచ్చిండు. తగ్గిచ్చినందుకు ఈయనకు ఇంకింత అనుమానమైంది. అసలు ఎందుకమ్ముతున్నవని అడిగిండు. నాకిగ దానితోని పనిలేదని ముసలాయన ఒక్క ముక్కల చెప్పి, మొగిలవ్వకు చాయ్ పెట్టుమని కేకేసిండు. పనిలేకపోవుడేంది, పనిలేనిదాన్ని ముప్పై ఏండ్లు బట్టల చుట్టి ఎందుకు దాస్తరు అని శ్యాంసుందర్ సిరిసిల్ల దాక ఆలోచన చేసుకుంటనె వచ్చిండు.

లెన్సు పరీక్ష చేసెతందుకు ఆయనకు ఒక పద్ధతున్నది. సాలోళ్ళ ఇంట్ల పుట్టినోడు గద. ఇంటి పక్క మరమగ్గాల కార్ఖానాల పోయి, మగ్గం మీద గుంజి ఉన్న పడుగు పోగుల ముందట కెమెరా వెట్టి, టేపుతోని కొలిచి ఫోటో తీసిండు. రీలు కడిగి చూస్తె ఏ పోగుకు ఆ పోగు ఇడిగా కనవడ్డది, లెక్కవెట్టుకోవచ్చు. ఫోటో దిగెతందుకు వచ్చిన ముస్తాబాద్ ఆసామిని నిలవెట్టి చూసిండు. రెండున్నర మీటర్ల కాడ నిలవడ్డడు, రెండున్నరే చూపిచ్చింది. లెన్సు పాసైంది.

ఈ కెమెరాల చూసుడు జర వేరే తీరు. కన్ను వెట్టి చూస్తె నడుమ పసుపుపచ్చ మచ్చల మనిషి ఇద్దరుగ కనవడ్తడు. లెన్సు మీది రింగు తిప్పుకుంట పోతె ఆ ఇద్దరు ఒకలకొకలు దగ్గరికొచ్చి ఒక్కరైతరు. ఒక్కరైన కాడ రింగు మీద ఏ నంబరుంటె మనిషి అన్ని మీటర్ల దూరమున్నట్టు. ఒకటి కాడ మొదలైతది, రెండు, ఐదు, పది, ఇరవై. ఆఖరుకు అడ్డంగ పండవెట్టిన ఎనిమిది ఉంటది. అంటె అంతులేని దూరం. మబ్బులను, సుక్కలను చూసెతందుకు పెట్టిన గుర్తు అది.

శుక్రవారం పగటీలి రజిత నడింట్ల గోడకు ఒరిగి బీడీలు చేస్తుంటె శ్యాంసుందర్ ఆమె ముందట స్టూలేసుకోని కూసున్నడు. కెమెరాల ఇద్దరు రజితలు కనవడ్డరు. రింగు రెండు మీదికి తెచ్చిండు. కలువలే. ఐదుకు తిప్పిండు, పదికి తిప్పిండు. ఇద్దరు రజితలు ఎవల చాట వాళ్ళు ఒళ్ళె వెట్కోని ఎడంగనె కూసున్నరు. ఇరవై దాటి, పండవెట్టిన ఎనిమిదికి పోయి రింగు ఇగ తిరుగనని ఆగినంక, గప్పుడు ఇద్దరు కలిసిండ్రు. టేపు తీసి స్టూలు కాడికెల్లి చాట దాక కొలిచిండు. రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. మళ్ళ చూసిండు, మళ్ళ చూసిండు. మూడుసార్లు ఎనిమిదే.

ఎంతొచ్చిందని రజిత తల ఎత్తకుంటనె అడిగింది. లెన్సు ముచ్చట ఆయన గురువారమే చెప్పి ఉన్నడు, ఆమె అవునా అన్నది, అంతే. రెండు వచ్చిందని ఇప్పుడు అబద్ధమాడిండు. రెండొస్తె టేపెందుకు తీసినవని ఆమె అడుగలే. ఇంకో కట్టకు దారం చుట్టింది.

లెన్సు మీద శ్యాంసుందర్‌కు అనుమానం రాలే. లెన్సు చెప్పిందంటె ఆమె ఎక్కడికో పోయింది, పోయిందంటె ఎవలో ఉన్నరు. ఆమె తానానికి పోయినప్పుడు ఫోన్ తీసి చూసిండు. వర్ష, గ్యాసాయన, సంఘం లీడరు. మిగిలినయన్ని ఆయన నంబర్లే. గా ఒక్క రోజే పద్నాలుగుసార్లు చేసిండు, స్టూడియోకు ఇంటికి నడుమ రెండు గల్లీలు సుత లేవు.

శనివారం మళ్ళ కోరుట్ల తొవ్వ వట్టిండు. లెక్క తప్పు చెప్తున్నదని, పైసలు వాపస్ తీస్కోవాలని తయ్యారై పోయిండు. హన్మండ్లు పసుపు కుప్ప పక్క మంచమేసుకోని ఉన్నడు. ఎంత చూపిచ్చిందని అడిగిండు. శ్యాంసుందర్ చెప్పలే, గని మొకంల కనవడ్డట్టున్నది.

"నాకు సుత గదే వచ్చింది మొదాల," అన్నడు ముసలాయన. నాలుగేండ్లకు సెలవు మీద వచ్చి, కాళ్ళకు నీళ్ళు తెచ్చిన మొగిలవ్వను వాకిట్లనె నిలవెట్టి చూస్తె పండవెట్టిన ఎనిమిదట. నేను సుత నువ్వనుకున్నదే అనుకున్న, అని సిగ్గులేకుండ చెప్పిండు. ఇంటికి ఎవలొచ్చిండ్రు, ఎవలు పోయిండ్రు అని ఊరంత అడుక్కుంట తిరిగిండట. ఊరోళ్ళు మొకం మీద నవ్విండ్రట. ఒకనాడు మొగిలవ్వ కెమెరా గుంజుకోని ఆయననె చూసిందట. గదే ఎనిమిది.

"దూరం ఆమెదైతె నన్ను చూసినప్పుడు ఎట్లొస్తది కొడుకా? అది ఒకల కాడ ఉండేది కాదు. నడుమ ఉండేది. ఇద్దరిది."

తిరిగి షార్జా పోలేదని, టికెట్ పైసలు మునిగినయని చెప్పిండు. మరి ఎట్ల తగ్గిచ్చినవని శ్యాంసుందర్ అడిగిండు. నేనేం చెయ్యలే, పసుపు వెడ్దామనుకున్నం, ఏ చెల్కల నీళ్ళు ఆగుతయో నాకు తెల్వదు, ఆమెకు తెలుసు, అడిగిన, అన్నడు ముసలాయన. రోజు ఏదో ఒకటి తెల్వంది ఉంటుండె, అడుగుతుంటి. అని ఈయన దిక్కు చూసిండు.

"నువ్వు ఇంటామెను అడిగే మాటలల్ల, జవాబు నీకు ముందుగాల తెల్వంది ఒక్కటన్న ఉంటదా?"

హన్మండ్లు శ్యాంసుందర్ తెచ్చిన కెమెరా తీస్కోని వాకిలి ఆ కొసకు, యాభై అడుగుల దూరంల చాటతోని పసుపు ఎత్తుతున్న మొగిలవ్వను చూసిండు. రింగు తిప్పి ఈయన చేతుల పెట్టిండు. ఒకటి మీద ఉన్నది. పదకొండేండ్లు వట్టింది ఒకటికి వచ్చెతందుకు, ఒకటికంటె కింద గీత లేదు, ఇగ నాకు దానితోని ఏం పని, అన్నడు. పైసలు కావాల్నంటె తీస్కపొమ్మని దిండు కిందికెల్లి తీసి ముందట సుత వెట్టిండు. ముసలాయనే కావాలని ఒకటి మీదికి తిప్పిండేమో అని శ్యాంసుందర్‌కు ఒక్క క్షణం అనిపిచ్చింది. గని తిప్పి ఏం సంపాయిస్తడు? పైసలు ముట్టకుండ, లెన్సు సంచిల ఏస్కోని లేచిండు.

ఆదివారం బీరువా తెరిస్తె రజిత మంచి చీరెలు నాలుగు లేవు. డబ్బల ఆధార్ కార్డు లేదు. శ్యాంసుందర్ బీరువా తలుపు వట్టుకోని శానసేపు నిలవడ్డడు. ఆయనకు ఏడుపొచ్చింది. ఇన్నేండ్లు ఆమె మోసం చేస్తదేమో, చేస్తదేమో అని కావలి ఉన్నడు గని, ఆమె లేకుంటె ఎట్ల అని ఒక్కనాడు ఆలోచన చెయ్యలే.

సోమవారం ఏడుగంటలకు రజిత వంటింట్ల డబ్బ కట్టుకుంటున్నది. ఒక్క డబ్బకు పెద్ద సంచి తయ్యారుగ ఉన్నది. శ్యాంసుందర్ గుమ్మం కాడికొచ్చి నిలవడ్డడు. సంచిల ఏమున్నదని అడుగలే. దానికి జవాబు ఆయనకు తెలుసు.

"గా పనిల నీకేం నచ్చింది?" అన్నడు.

రజిత చెయ్యి ఆగింది. ఇందుల ఏదో మతలబున్నదని ఆమెకు అనుమానమొచ్చింది. ఎందుకడుగుతున్నవన్నది.

"నాకు తెల్వదు గనక."

ఆమె ఆయన మొకంల మొకం వెట్టి చూసింది, నోటు చూసినట్టు. అటెన్క డబ్బ మూత వెట్టుకుంట చెప్పింది. చెకింగ్ టేబుల్ మీద వేసిండ్రట. కుట్టిన అంగీలు వస్తె యాడ కుట్టు జారింది, యాడ గుండీ పక్కకు వడ్డది వట్టాలె. పరీక్షల పది తప్పులు పెడితె పదికి పది వట్టిందట. యాడ నేర్చినవమ్మా అని సూపర్‌వైజరమ్మ అడిగితె, ఇంటికాడ అన్నదట.

శ్యాంసుందర్‌కు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ముందుగాల రజితనె నవ్వింది. అటెన్క ఆయన నవ్విండు.

"నచ్చింది గది కాదు," అన్నది రజిత, నవ్వు ఆగినంక. "పరీక్షనాడు పగటీలి బువ్వ కాడ నలభైమంది ఆడోళ్ళు కూసున్నం. నన్ను ఎవ్వలు ఏం అడుగలే. అడిగితె ఏం కూర అని అడిగిండ్రు."

"ఏం కూర ఇయ్యాల?"

"గోకరకాయ."

ఆటో వచ్చి హారన్ కొట్టింది. రజిత సంచి భుజానికేసుకోని పోయింది. శ్యాంసుందర్ బండి తాళంచెవి చేతులకు తీస్కున్నడు. ఎప్పుడు తీస్కున్నడో ఆయనకె తెల్వదు, ఏండ్ల అలవాటు. ఇంకో చేతుల కెమెరా ఉన్నది. ఆటోల ఐదుగురు ఆడోళ్ళ నడుమ రజిత ఇటు మలిగి కూసున్నది. కన్ను వెట్టి చూసిండు. ఇద్దరు రజితలు. ఆటో కదిలింది, గల్లీ మలుపు దిక్కు పోతున్నది. రింగు ఎనిమిది మీదికి తిప్పిండు, గని ఆమె కలువలే. ఎన్కకు తిప్పిండు. ఇరవై దాటింది, పది కాడ ఇద్దరు కలిసి ఒక్క రజిత అయింది. ఆటో అప్పటికి రెండువందల అడుగులు దాటి ఉంటది. లోపలి గ్రీసు జారిందేమో అని అనుమానమొచ్చింది. ఇంకోసారి చూద్దామనుకునేసరికి ఆటో మలిగింది. శ్యాంసుందర్ తాళంచెవి మేకుకు తగిలిచ్చి స్టూడియోకు నడుసుకుంట పోయిండు.

ఆ రోజు ఎట్ల గడిచిందో ఆయనకె ఎరుక. పదింటికి ఫోన్ తీసి లోపల వెట్టిండు. పదకొండింటికి తీసి డ్రాయర్ల ఏసి తాళమేసిండు. ఒంటిగంటకు ఏం కూర అని అడుగుతుండొచ్చు అనుకున్నడు. ఐదింటికి జగిత్యాల బస్సు టైమని యాదికొచ్చి, బస్టాండుకు పోయి ఒక్కసారి చూసొస్తె ఎవలకు తెలుస్తది అనిపిచ్చింది. కాళ్ళు లేచి గడప దాక పోయినయ్. ఒకామె పిల్లను ఎత్తుకోని ఫోటో కోసమొచ్చింది. పిల్ల ఊకె ఏడుస్తుంటె ఊకోవెట్టి తీసేసరికి ఆరు కావచ్చింది, బస్సు పోయింది.

ఆయన ఇంటికొచ్చి కూసున్నంక, ఆరుంబావుకు ఇంటి ముందట ఆటో ఆగింది. రజిత దిగింది. సంచి పొద్దటి లెక్కనె బరువుగ ఉన్నది. గడపల నిలవడి, పొద్దటిసంది ఒక్క ఫోన్ సుత రాలేదేందని అడిగింది. నీ ఫోన్ ఖరాబైందా, పానం బాగలేదా అని అడిగింది. రెండు లేదన్నడు. ఆమె నమ్మలే. ఆయన ఫోన్ తీస్కోని చూసి, తిరిగి ఇచ్చి, సంచి తోని లోపలికి పోయింది.

బీరువా తలుపు చప్పుడైంది. పెడ్తున్నదో, ఇంకేమన్న తీస్తున్నదో ఆయన కూసున్న కాడికి కనవడదు. లేచి రెండడుగులేస్తె కనవడ్తది. శ్యాంసుందర్ కుర్చీ చేతులు గట్టిగ వట్టుకోని కూసున్నడు, లేవలే.

"రేపు సుత ఆటో ఏడున్నరకే," లోపలికెల్లి రజిత అన్నది. "నన్ను జల్ది లేపు."

శ్యాంసుందర్ ఫోన్ తీసి ఆరింటికి అలారం వెట్టిండు. అది మోగుతదో లేదో అని ఇంకోటి సుత వెట్టిండు.